కొమ్ములోని వన్నె: ఆర్మూరు పసుపు, కుర్కుమిన్

నిజామాబాద్ జిల్లాలోని ఆర్మూరు పరిసర గ్రామాలకు పసుపు ఎంత పాత పంటో, ఆ పసుపుకు వన్నెనిచ్చే పదార్థానికి శాస్త్రం పెట్టిన పేరు అంత కొత్తది. 1815లో వోగెల్, పెల్టియే అనే రసాయనవేత్తలు పసుపు దుంప నుంచి ఒక పసుపుపచ్చని పదార్థాన్ని వేరుచేసి దానికి కుర్కుమిన్ అని పేరు పెట్టారు. 1910లో మిలోబెంజ్‌కా, కోస్టనెట్స్కీ, లాంపే దాని అణునిర్మాణాన్ని తేల్చగా, 1913లో లాంపే దానిని ప్రయోగశాలలో తయారుచేసి చూపాడు. పసుపు మొక్క శాస్త్రీయనామమైన కుర్కుమా నుంచి ఈ పేరు వచ్చింది. ఆ నామానికి మూలమైన అరబ్బీ 'కుర్కుమ్', సంస్కృత 'కుంకుమ' రెండూ మొదట కుంకుమపువ్వును చెప్పిన మాటలే. తెలుగువారు నుదుట పెట్టుకునే కుంకుమ మాత్రం పసుపు నుంచే పుట్టింది కనుక, పువ్వు పేరు దుంపకు దక్కడం ఇక్కడా అక్కడా ఒకే తీరున జరిగిందనాలి.

ఆ పదార్థానికి పేరు తెలియకపోయినా దాని గుణం తెలుగు ఇళ్లలో అందరికీ తెలుసు. కుర్కుమిన్ క్షారం తగలగానే, అంటే సున్నం వంటి ఆమ్లవిరుద్ధ ద్రవ్యం కలవగానే, ఎర్రబారుతుంది. పెళ్లికూతురి పాదాలకు పూసే పారాణికి, దిష్టి తీసే ఎర్రనీళ్లకు, పసుపుకొమ్ములతో చేసే కుంకుమకు ఆధారం ఈ మార్పే. పంతొమ్మిదో శతాబ్దపు ఐరోపా ప్రయోగశాలల్లో పసుపు పూసిన కాగితంతో క్షారాన్ని గుర్తించిన పద్ధతి, పారాణి కలిపే చేతికి కొత్తగా తోచేది కాదు. కుర్కుమిన్ నీటిలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది కనుక పోపులో వేసిన పసుపుకు రంగు దిగుతుంది. ఎండ తగిలితే అది విచ్ఛిన్నమవుతుంది కనుక పసుపు అద్దిన బట్ట త్వరగా వెలిసిపోతుంది.

ఆర్మూరు పేరు ఊరికే కాక ఒక పసుపు రకానికి కూడా ఉంది. పంట కాలాన్ని బట్టి పసుపు రకాలను ఏడు నెలల కస్తూరి, ఎనిమిది నెలల కేసరి, తొమ్మిది నెలల దీర్ఘకాలిక రకాలని మూడుగా విభజించగా, దుగ్గిరాల, టేకూరుపేట, మైదుకూరు రకాలతోపాటు ఆర్మూరు రకం మూడో తరగతిలో చేరింది. తొలకరికి విత్తి, మధ్యలో మక్కను అంతరపంటగా తీసి, సంక్రాంతి దాటాక తవ్విన దుంపలను వెంటనే ఉడకబెట్టడం ఇక్కడి పద్ధతి. ఉడికిన దుంప మొలకెత్తదు, దానిలోని పిండి పదార్థం ముద్దగా మారి గట్టిపడుతుంది, అక్కడక్కడా ఉన్న రంగు దుంపంతటా సమంగా పరుచుకుంటుంది; అయితే ఎక్కువసేపు ఉడికితే రంగు చెడుతుంది కనుక, నురుగు పొంగి ప్రత్యేకమైన వాసన రాగానే పొయ్యి ఆర్పడం రైతులు అనుభవంతో నేర్చిన కొలమానం. తరువాత పది, పదిహేను రోజులు కల్లంలో ఎండబెట్టి, డ్రమ్ముల్లో తిప్పి మెరుగుపెట్టాకే సరుకు మార్కెట్‌కు చేరుతుంది. అక్కడ పొడుగు కొమ్ములను కాడి అని, గుండ్రని తల్లిదుంపను గోళ లేదా మండ అని పిలిచి వేర్వేరు ధరలు కడతారు.

ఈ ధరను శతాబ్దాలుగా నిర్ణయించినవి చేయి, కన్ను, చెవి: కొమ్ము గట్టిదనం, విరిచినప్పటి చప్పుడు, విరిగిన చోట కనిపించే రంగు. ప్రయోగశాల వేరే లెక్క తెచ్చింది. పసుపులో కుర్కుమిన్, దాని సోదర పదార్థాలు రెండు కలిపి సాధారణంగా బరువులో 2 నుంచి 5 శాతం మేర ఉండగా, మేఘాలయలోని లకడాంగ్ రకంలో అది 7 శాతం దాటుతుంది. సారాన్ని తీసి మాత్రలుగా అమ్మే పరిశ్రమకు కావలసినది ఈ శాతమే కనుక, కొమ్ము అందం ఆ కొనుగోలుదారుకు అనవసరమైంది. ఆ మాత్రల ఖ్యాతి కొంత అతిశయమేనని కూడా చెప్పాలి: కుర్కుమిన్ రక్తంలోకి చాలా కొద్దిగా చేరుతుంది, అందుకే 1998లో బెంగళూరు పరిశోధకులు మిరియాల్లోని పైపెరిన్‌ను దానికి తోడుచేసి చూశారు.

పసుపు ఎవరిదన్న ప్రశ్న కూడా అదే కాలంలో తలెత్తింది. గాయాలు మానడానికి పసుపు వాడకంపై 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయానికి పేటెంటు దక్కగా, భారత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాల ఆధారాలతో దానిని సవాలు చేసింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది. ఆర్మూరు రైతు పోరాటం మాత్రం పేటెంటుపై కాక ధరపై సాగింది. క్వింటాలుకు 15,000 రూపాయలు కోరుతూ 2019 ఫిబ్రవరిలో వారు జాతీయ రహదారిపై బైఠాయించారు. ఆ ఏడాది నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో పోటీచేసిన 185 మందిలో 170కి పైగా రైతులే. జాతీయ పసుపు బోర్డును 2023 అక్టోబరులో ప్రకటించి, 2025 జనవరి 14న సంక్రాంతి నాడు నిజామాబాద్ కేంద్రంగా ప్రారంభించారు. సరుకును లారీల్లో మహారాష్ట్రలోని సాంగ్లీకి తరలించి అమ్ముకోవడం ఈ ప్రాంతపు రైతులకు అంతకుముందు నుంచీ అలవాటే. అక్కడి వ్యాపారి కూడా కొమ్మును విరిచి చూసే ధర చెబుతాడు.