డిష్ తీగ పుట్టుపూర్వోత్తరాలు

డిష్‌కూ టీవీకీ మధ్య నడిచే నల్లటి తీగ కోయాక్సియల్ కేబుల్. నడుమ లోహపు తీగ, దాని చుట్టూ నురుగు ప్లాస్టిక్, ఆపైన రేకు, అల్లిక, తొడుగు. ఇంగ్లండులో ఆలివర్ హెవిసైడ్ 1880లోనే ఈ తరహా తీగకు పేటెంటు పొందాడు. వందలాది ఫోను సంభాషణలను ఒక్క తీగలో మోయించే పద్ధతికి 1929లో అమెరికా ఇంజనీర్లు ఎస్పెన్‌షీడ్, ఆఫెల్ రూపమిచ్చారు.

ఈ తీగకు పుట్టుకతోనే ఒక లోపం ఉంది. పొడవు పెరిగినా, ఫ్రీక్వెన్సీ పెరిగినా సిగ్నల్ కరిగిపోతుంది. ఉపగ్రహం సాధారణంగా పంపేది 4, 12 గిగాహెర్ట్జ్ ప్రాంతపు తరంగాలు. వాటిని ఉన్నవున్నట్టుగా తీగలోకి వదిలితే నట్టింటి దాకా చేరవు. ఫ్రీక్వెన్సీని ముందే దించాలన్నది ఈ చరిత్ర మొత్తానికీ కీలకమైన ఆలోచన.

1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు సాగిన 'సైట్' ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలు ఉపగ్రహ టీవీని చూశాయి. 3 మీటర్ల వల డిష్ పట్టిన 860 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌ను ఒక కన్వర్టర్ టీవీకి తగినట్టు మార్చేది. 1991లో స్టార్ టీవీ, 1995లో తెలుగు ప్రైవేటు చానళ్లు వచ్చాక పట్నాల్లో కేబుల్ ఆపరేటర్ల మేడలపైకి పెద్ద సి-బ్యాండ్ డిష్‌లు ఎక్కాయి. డిష్ ముందు బిగించిన ఎల్‌ఎన్‌బీ 3.7–4.2 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ను 950–1450 మెగాహెర్ట్జ్‌కు దించి, బలం పెంచి కిందికి పంపేది. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ మొదలయ్యాక చిన్న డిష్ ఇంటింటికీ వచ్చింది. తీగ పొడవు ఆపరేటరు సమస్యగా ఉన్నది కాస్తా ఇంటివారి సమస్యయింది.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఇది మరీ కనిపిస్తుంది. డైరెక్ట్ ప్లస్‌కే ఇప్పటి పేరైన డీడీ ఫ్రీ డిష్ ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పున ఉంటుంది. ఇక్కడి నుంచి చూస్తే ఆగ్నేయంగా, సుమారు 66 డిగ్రీల ఎత్తున. కవిటి, కంచిలి, సోంపేట వైపు ఇంటిని ఆనుకునే కొబ్బరిచెట్లుంటాయి. మట్టలు అడ్డొస్తే సిగ్నల్ అందదు. తాటాకు కప్పు, పెంకు కప్పు డిష్‌ను గాలికి కదలకుండా పట్టి ఉంచలేవు. ఆకాశం తెరిపిగా కనిపించే చోట దిమ్మ కట్టి, అక్కడినుంచి తీగ లాగవలసిందే.

సాధారణ ఆర్‌జీ-6 తీగలో 2 గిగాహెర్ట్జ్ దగ్గర 100 మీటర్లకు సుమారు 30 డెసిబెల్స్ నష్టం. అంటే 60 మీటర్లు లాగితే 18 డెసిబెల్స్ పోయి, సిగ్నల్‌లో అరవయ్యో వంతుకు అటూఇటూగా మిగులుతుంది. మందమైన ఆర్‌జీ-11లో నష్టం దాదాపు మూడో వంతు తక్కువ. ఎల్‌ఎన్‌బీకి కరెంటు పంపేదీ ఈ తీగే: 13 వోల్టులకు ఒక వరుస చానళ్లు, 18కి మరో వరుస. రాగి పూత ఉన్న ఉక్కు తీగకు తుప్పుపట్టిన జాయింట్లు తోడైతే 18 వోల్టులు దారిలోనే పడిపోయి, ఆ వరుస చానళ్లన్నీ మాయమవుతాయి. సముద్రపు ఉప్పుగాలి ఆ తుప్పును ఇంకా తొందర పెడుతుంది.

చాలామంది లైన్ ఆంప్లిఫయర్‌ను టీవీ వెనకాల బిగిస్తారు. అది పొరపాటు. అప్పటికే సన్నగిల్లిన సిగ్నల్‌తోపాటు రొద కూడా పెరుగుతుంది. దాని చోటు డిష్ దగ్గర, సిగ్నల్ బలంగా ఉన్నప్పుడే. అయినా అది చివరి మందు. ముందు దారి తగ్గించాలి, జాయింట్లు లేని రాగి తీగ వేయాలి, కనెక్టరులోకి నీరు దిగకుండా టేపు చుట్టాలి.