బైరాన్‌పల్లి బురుజు: గ్రామరక్షక శిక్షణకు మిగిలిన ఆధారం

యుద్ధకాలపు శిక్షణ శిబిరాలను పురాతత్త్వం సాధారణంగా కందకాలు, తూటాల తొడుగులు, బ్యారక్‌ల పునాదుల ద్వారా గుర్తిస్తుంది. తెలంగాణ సాయుధ పోరాటకాలపు (1946–51) గ్రామరక్షక దళాల విషయంలో ఈ పద్ధతి చాలదు. బైరాన్‌పల్లి ఇందుకు నిదర్శనం.

ఆ దళాలు వాడిన ఆయుధాలలో ముఖ్యమైనవి వడిసెల, కర్ర, బర్మారు. వడిసెల నిజానికి మంచె మీద నిలిచి జొన్నచేలో పిట్టలను తోలే రైతు సాధనం. దానితో గురి చూడటం సేద్యంలోనే అలవడిన విద్య. రజాకార్ల మీదికి విసిరిన రాయినీ, పిట్టల మీదికి విసిరిన రాయినీ ఏ తవ్వకమూ వేరుచేయలేదు. శిక్షణస్థలం పొలంలోనే కలిసిపోయింది.

మిగిలింది బురుజు. దాని మీద కాపలా కాసి గ్రామస్థులు రజాకార్ల దాడులను తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27న రజాకార్లతోపాటు నిజాం సైన్యం ఫిరంగులతో విరుచుకుపడినప్పుడు ఆ రక్షణ నిలవలేదు. ఊరు హత్యాకాండకు గురైంది. ఆ తరువాత 17 రోజులకు, సెప్టెంబరు 13న, భారత సైనికచర్య ప్రారంభమైంది. మృతుల సంఖ్య విషయంలో కథనాలు ఏకీభవించవు.

లిఖితాధారాల అన్వేషణలోనూ చిక్కు ఉంది. నాడు నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోని ఈ గ్రామం తరువాత వరంగల్ జిల్లాలో, 2016లో సిద్దిపేట జిల్లాలో చేరింది. ఒక్క జిల్లా పేరుతో వెదికితే చరిత్ర సగమే దొరుకుతుంది.

కనుక ఇక్కడ మౌఖిక కథనం, వృత్తిపదం కూడా పురావస్తువులే. వాటిని చెప్పగల తరం కనుమరుగు కాకముందే సేకరించి, బురుజు సాక్ష్యంతో సరిపోల్చడం తెలుగు పరిశోధకుల తక్షణ కర్తవ్యం.