వెల లేని విద్య

1935వ సంవత్సరమున కృష్ణా కాలువపై, కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామముల నడుమ తిరుగు పడవలో ప్రయాణికులకు చదువుకొనుటకై పుస్తకములు ఉచితముగా నిచ్చుచుండిరి. పాతూరి నాగభూషణముగారు నెలకొల్పిన పడవ గ్రంథాలయమది. పాఠకుడు రాలేనిచో గ్రంథమే అతని కడకు పోవలెనన్నది అందలి భావము.

ఆ భావమే వేరొక రూపమున అమెరికాలో తలయెత్తినది. 1971 జులై 4వ తేదీన ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమున మైకేల్ హార్ట్ అను విద్యార్థి ఆ దేశపు స్వాతంత్ర్య ప్రకటనను కంప్యూటరున కెక్కించి, కోరినవారికి ఉచితముగా నొసగెను. గూటెన్‌బర్గ్ ప్రాజెక్టునకు అది నాంది. 1996లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంటర్నెట్ ఆర్కైవ్ వెలసినది. మన దేశమున ఖరగపూరు ఐ.ఐ.టి. జాతీయ డిజిటల్ గ్రంథాలయమును తీర్చిదిద్దినది. సి. పి. బ్రౌన్ దొర 1852లో మద్రాసున ప్రకటించిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును నేడు చికాగో విశ్వవిద్యాలయమువారి నిఘంటు భాండారమున, చందా లేకయే, ఇంటనుండి వెదకవచ్చును.

అయినను వెల లేనిదెల్ల నమ్మదగినది కాదు. ఈ ప్రతి ఏ ముద్రణము? పుటలన్నియు కలవా? తప్పులను దిద్దిన వారెవరు? ఈ ప్రశ్నలు క్రొత్త పాఠకునకు తట్టవు. అందుచేతనే పలు పౌర గ్రంథాలయములు తాము పరీక్షించి మేలని యెంచిన ఉచిత వనరుల పట్టికలను ప్రకటించుచున్నవి. నాడు పడవలో తగిన పుస్తకమును ఎంచి చేతికందించిన వాని పనియే ఇదియు. మీ గ్రంథాలయమునకు పోయినపుడు పుస్తకముతోపాటు అట్టి పట్టికను గూడ అడుగుడు. లేదందురేని, తయారు చేయుమని కోరుడు.