బంగారం వేటగాళ్ల రీళ్లు, కొండవాళ్ల మాటలు

పపువా న్యూగినీ నడిమి కొండల్లో మనుషులే ఉండరని 1930 దాకా తీరంలోని తెల్లవాళ్లు అనుకునేవారు. ఆ ఏడు మైకేల్ లీహీ అనే ఆస్ట్రేలియా దేశస్థుడు బంగారం వెతుక్కుంటూ లోపలికి వెళ్తే, లోయల నిండా ఊళ్లు, తోటలు. దాదాపు పది లక్షల జనం. తర్వాతి ప్రయాణాల్లో తమ్ముళ్లూ కలిశారు. తుపాకులతో పాటు సినిమా కెమెరా కూడా వెళ్లింది.

ఆ మూగ రీళ్ల ఆధారంగా బాబ్ కొనోలీ, రాబిన్ ఆండర్సన్ దంపతులు 1983లో ‘ఫస్ట్ కాంటాక్ట్’ డాక్యుమెంటరీ తీశారు. గంట లోపు సినిమా. మన యువత ఇందులో కథతో పాటు, దాన్ని కూర్చిన తీరును కూడా గమనించాలని మేము కోరుతున్నాం.

పాత రీళ్ల మీద గంభీరమైన గొంతుతో వ్యాఖ్యానం పెట్టి ఊరుకుంటే అది తెల్లవాళ్ల సాహసగాథ అయిపోయేది. వీళ్లు అంతటితో ఆగలేదు. యాభై ఏళ్ల నాటి బొమ్మలను అదే ఊళ్లకు తీసుకెళ్లి, ఆనాడు పిల్లలుగా, పడుచువాళ్లుగా ఉన్నవాళ్లకు చూపించి, వాళ్ల ముఖాలను, మాటలను చిత్రీకరించారు.

అసలు పని ఎడిటింగ్‌ది. లీహీ తమ్ముళ్లు ఒక సంగతి చెబుతారు. వెంటనే అదే సంగతిని కొండ పెద్దలు చెబుతారు. వచ్చినవాళ్లు చనిపోయిన తమ పూర్వీకులే అనుకున్నామంటారు. ఒకాయన చాటుగా వెళ్లి ఆ తెల్లవాళ్ల మలం చూసి, వాసన మనదాని లాంటిదేనని తేల్చుకున్నారట! అక్కడ నవ్వుతాం. కానీ తుపాకీ బలం చూపడానికి పందిని కాల్చిన దృశ్యం వస్తుంది, మనుషులను కాల్చిన మాటా వస్తుంది. ప్రాణరక్షణకే కాల్చామని ఒక పక్షం అంటుంది. పడిపోయినవాళ్లు ఎవరో రెండో పక్షానికి గుర్తుంది. తెల్లవాళ్ల దగ్గరికి తమను ఎలా పంపారో ఆడవాళ్లు చెప్పే చోట సంగీతం, వ్యాఖ్యానం ఏవీ అవసరం లేదు. మైకేల్ తన కొడుకుగా ఒప్పుకోని జో లీహీ మీద ఆ దంపతులే తర్వాత మరో సినిమా తీశారు.

మాకు ఒక లోటు కనిపిస్తుంది. రెండు పక్షాలూ మాట్లాడినా, ఏది ఉంచాలి, ఏది తీసెయ్యాలి అనే నిర్ణయం బయటివాళ్లదే. ఎడిటింగ్ బల్ల దగ్గర కూడా కొండ మనిషి ఉంటే ఈ సినిమా ఇంకెలా ఉండేదో!

ఇది మనకు దూరపు సంగతి కాదు. జోడేఘాట్‌లో కుమురం భీం అమరుడైన 1940 తర్వాత, నిజాం కాలంలో హైమెండార్ఫ్ దొర ఆదిలాబాద్ గోండు గూడేల్లో ఫొటోలు తీశారు. ఆయన ఫొటోలు లండన్‌లోని సోయస్ సంస్థలో ఉన్నాయి, ఇంటర్నెట్‌లోనూ చూడొచ్చు. వాటిలో చంటిపిల్లలుగా ఉన్నవాళ్లు ఇప్పుడు ఎనభై దాటినవాళ్లు. ఒక ఫోన్‌లో ఫొటో చూపించి, ఇంకో ఫోన్‌లో రికార్డు చేయండి. ఆ నగ ఎవరిది, ఆ డోలు ఏ పండుగది, ఫొటోలో పడకుండా పక్కన నిలబడ్డది ఎవరు అని అడగండి. ఆ దొర మొదటిసారి గూడెంలోకి వచ్చినప్పుడు ఇంట్లోవాళ్లు ఏమనుకున్నారో కూడా అడగండి.