ముసుగు తీసిన కవి

మన బెంగళూరులో హలసూరు చెరువు దగ్గర తమిళ కవి తిరువళ్ళువర్ విగ్రహం ఉంది. రోజూ దాని పక్కనుంచే వెళ్తున్నా, దాని కథ మనలో చాలామందికి తెలియదు.

1991లోనే విగ్రహం సిద్ధమైంది. కానీ కొన్ని కన్నడ సంఘాలు ఒప్పుకోకపోవడంతో ఆవిష్కరణ ఆగిపోయింది. అదే ఏడాది డిసెంబరులో కావేరీ నీళ్ళ విషయంలో అల్లర్లు జరిగాయి. ఎంతోమంది తమిళులు ఇళ్ళు వదిలి వెళ్ళిపోయారు. విగ్రహం 18 ఏళ్ళు ముసుగులోనే ఉండిపోయింది.

చివరికి రెండు రాష్ట్రాల ప్రభుత్వాలు ఒక మాట మీదికి వచ్చాయి. ఇక్కడ తమిళ కవి, అక్కడ కన్నడ కవి. 2009 ఆగస్టు 9న ముఖ్యమంత్రులు కరుణానిధి, యడియూరప్ప కలిసి ఇక్కడి విగ్రహం ముసుగు తీయించారు. నాలుగు రోజులకే, ఆగస్టు 13న, చెన్నైలోని అయనావరంలో సర్వజ్ఞుని విగ్రహాన్ని ఆవిష్కరించారు.

తిరువళ్ళువర్‌ది రెండు పాదాల కురళ్. సర్వజ్ఞునిది మూడు పాదాల త్రిపది. మన వేమనది ఆటవెలది. ముగ్గురూ చిన్న పద్యంలోనే పెద్ద నీతి చెప్పారు.

మరి విగ్రహాలతో గొడవలు పోయాయా? పోలేదు. 2016 సెప్టెంబరులో కావేరీ పేరుతోనే ఇక్కడ మళ్ళీ బస్సులు తగలబెట్టారు. విగ్రహం పెడితే సరిపోదు, ఆ కవి మాట కూడా వినాలి అనిపిస్తుంది నాకు.

తెలుగువాళ్ళం మనమూ ఈ ఊళ్ళో తక్కువమందిమే. ఇరుగుపొరుగు బాగుంటేనే మనకు ధైర్యం. వేమన పద్యాలు ఇంట్లో నేర్చుకున్నాను. సర్వజ్ఞుని త్రిపదులు కన్నడ క్లాసులో చదివాను. కురళ్ మాత్రం ఒక్కటీ రాదు. మా పక్కింటి తమిళ ఆంటీని అడిగి నేర్చుకుంటాను.