పరిశీలకుడు

మన రాజకీయాల్లో ఈ మాటకు బరువెక్కువ. అధిష్ఠానం పంపిన పరిశీలకుడు విమానం దిగాడంటే ఎవరి కుర్చీకో గండమే. అదే మాట సముద్రం మీదికి వెళ్లేసరికి తేలిపోతుంది.

హిందూ మహాసముద్ర ట్యూనా కమిషన్ కార్యాలయం సెషెల్స్ రాజధాని విక్టోరియాలో ఉంది. ఎవరు ఎంత ట్యూనా పట్టాలో తేల్చే ఆ కమిషన్ సమావేశాల్లో ఓటు సభ్యదేశాలది. పర్యావరణ సంస్థలు, మత్స్యకార సంఘాలు వస్తే పరిశీలకుల హోదాలో కూర్చోవాలి, అధ్యక్షుడు అవకాశమిస్తే మాట్లాడాలి. ప్రతినిధి బృందాల నాయకులు తలుపులు వేసుకున్నారా, ఇక వరండాయే గతి. చేపల కంపెనీల వాళ్లకు ఈ బాధ తక్కువ. తమ దేశ ప్రతినిధి బృందంలోనే కలిసి వస్తారు కాబట్టి వాళ్లను ఎవరూ పరిశీలకులనరు.

1995 నాటి ఐక్యరాజ్యసమితి చేపల నిల్వల ఒప్పందం, 12వ అధికరణలో, ప్రభుత్వేతర సంస్థలకు ఇలాంటి సమావేశాల్లో పరిశీలకులుగానో మరో విధంగానో చోటివ్వాలంటుంది. ఆ మరో విధం ఏమిటో మాత్రం చెప్పదు. వాడుకలో స్థిరపడింది మొదటి మాటే.

సంస్కృతంలో ‘శీల్’ ధాతువుకు అభ్యసించడమని ఒక అర్థం. పదే పదే చేయగా ఒంటికి పట్టేది శీలం. ‘పరి’ చేరితే ఇంకా దగ్గరితనం. జయదేవుడి గీతగోవిందంలో లవంగ తీగల పరిశీలనతోనే మలయమారుతం మెత్తబడుతుంది. అక్కడ పరిశీలనంటే చూడటం కాదు, తాకటం, ఒరుసుకోవటం. ఇంగ్లీషు ‘అబ్జర్వర్’ సంగతీ అంతే: దాని లాటిన్ మూలంలో కాపు కాయటం ఉంది. ఊరికే చూసేవాడికి మనకు ‘చూపరి’ అనే చక్కని మాట ఉండనే ఉంది. ఆ సమావేశాల వెనక వరసకు అది అతికినట్టు సరిపోయేది.

పాత అర్థం ఓడ మీద బతికే ఉంది. అదే కమిషన్ నియమం ప్రకారం 24 మీటర్లూ అంతకు మించిన ఓడల వేటలో కనీసం 5 శాతానికి పరిశీలకుడు వెంట ఉండాలి. అతను చేపను పలక మీద పడుకోబెట్టి మూతి కొస నుంచి తోక చీలిక దాకా కొలుస్తాడు. గాలానికి తగిలిన తాబేళ్లను లెక్క రాస్తాడు. ఎవరి మీద నివేదిక రాయాలో వాళ్లు వండిందే తిని, వాళ్ల మధ్యే పడుకుంటాడు.

విశాఖ పడవలకు పడే ట్యూనా కూడా ఆ కమిషన్ లెక్కలోకే వస్తుంది. ఇక్కడి రేవులో, తెల్లవారుజామున, చేపలు కొనే ఆవిడ మొప్ప ఎత్తి లోపలి ఎరుపు చూస్తుంది. పొట్ట మీద బొటనవేలితో నొక్కి, లొత్త పడిందా పొంగిందా అని ఒక్క క్షణం ఆగుతుంది. ‘ఇది నిన్నటిది బాబూ’ అని పక్కన పెట్టేస్తుంది. ఇది జయదేవుడు ఒప్పుకునే పరిశీలన. రేపు ఏ సంఘం తరఫునో ఆవిడ ఆ కమిషన్ సమావేశానికి వెళ్లినా, మెడలో వేసే కార్డు మీద ఆ మాటే ఉంటుంది.