బుద్ధునికి శైవుడు పెట్టిన దీపము

మామిడికుదురు మండలమందలి ఆదుర్రునకు పోయి, వైనతేయ గోదావరి తీరమున బయల్పడిన బౌద్ధస్తూపమును చూచినవారికి, అడుగున పేర్చిన ఇటుకల తీరు బండిచక్రమును తలపునకు తెచ్చును. స్థానికులు దానిని దుబరాజు గుడి యని పిలుచుచు వచ్చిరి. బుద్ధుని పేరు మరుగున పడిన తరువాతను ఆ చోటు గుడియే యని తలచిన యీ వాడుక నాకు మిక్కిలి విలువైన సాక్ష్యముగ తోచుచున్నది. ఏలయన భట్టిప్రోలు స్తూపమును జనులు లంజదిబ్బ యనిరి. ఒక్క మతము విడిచిపోయిన రెండు దిబ్బలలో ఒకదానికి మన్నన, ఒకదానికి తిట్టు.

మొదట వైదిక బౌద్ధ మతముల నడుమ నిట్టి పేచీ లేదు. క్రీస్తుశకము 3వ శతాబ్దమున విజయపురి నేలిన ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధము చేసి మహాసేనుని కొలిచినవాడు; ఆయన తోబుట్టువు చాంతిసిరి, మేనల్లుడు వీరపురుషదత్తుని 6వ రాజ్యవర్షమున నాగార్జునకొండ మహాచైత్యమునకు స్తంభములు నిలిపి, ఆ శాసనములయందే సోదరుని యజ్ఞములను గొప్పగా చెప్పుకొనెను.

పిమ్మట పురాణములు బుద్ధుని విష్ణ్వవతారముగ గణించుచునే, అసురులను మోహపెట్టుటకు వచ్చినవాడనియు పలికినవి. వాదములు పెరిగినవి. 12వ శతాబ్దపు ఘోరమొకటి పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రమున కలదు. చందవోలున వెలనాటి ప్రభువు కొలువులో మల్లికార్జున పండితారాధ్యులు బౌద్ధాచార్యుని వాదమున గెలిచిరట. తరువాత శిష్యులు ఆ యాచార్యుని చంపిరట. రాజు పండితుని కన్నులు తీయించెనట. కవి దీనిని శివభక్తి మహిమగా చెప్పెను. నేనట్లు చదువజాలను. గెలుపు పాండిత్యమునకు చెందును. ఓడినవానిని చంపుట హత్య. శిష్యుల నేరమునకు గురువు కన్నులు పెరికించుట మరియొక క్రౌర్యము. శివతత్త్వసారము వ్రాసిన ఆ పండితునికి చేతులెత్తి మ్రొక్కుదును గాని, ఆ మ్రొక్కుతో హత్యను కప్పిపుచ్చను. ఆ హత్యను చూపి శైవులనందరిని హంతకులనుటకును నోరాడదు.

నోరాడకుండుటకు కారణము అమరావతిలో నున్నది. ఆ శతాబ్దముననే, 1182లో, అమరేశ్వరుని భక్తుడైన కోట కేతరాజు బుద్ధదేవునికి గ్రామములను అఖండదీపములను సమర్పించెను. ఆ శాసనస్తంభము నిలిచియున్నది శివాలయముననే. అఖండదీపమనగా ఒక్కనాటి వత్తి కాదు. దానికి రేయింబవలు నేయి కావలెను, నేతికి మంద, మందకు కాపరి, కాపరికి తరతరముల కట్టుబాటు. ఒక శైవరాజు తాను నమ్మని మతపు దేవునికై యింత యేర్పాటు చేసెను. 1234లో నతవాడి రుద్రుని కుమార్తె బయ్యమాంబ మరియొక దీపమిచ్చెను.

అమరావతిలోని బౌద్ధచైత్యమునే 18వ శతాబ్దాంతమున వాసిరెడ్డి వేంకటాద్రి నాయడు పట్టణము కట్టించునపుడు రాళ్లకై త్రవ్విరి; 1797లో కాలిన్ మెకంజీ అచటికి వచ్చెను. దేవాలయముల నుద్ధరించి దానశీలుడని పేరొందిన ప్రభువు కాలమున అంతటి శిల్పము కట్టడపు రాయిగా చెదరుట తలచినపుడెల్ల నాకు ప్రాణము కలుక్కుమనును. పిమ్మట తిరుపతి వేంకట కవులు బుద్ధచరిత్రమును తెలుగు కావ్యముగా రచించిరి. వైదిక కుటుంబముల పండితులకు ఆ కథ పరాయిది కాలేదు.

మెకంజీ చూచిన ఆ దిబ్బను జనులు దీపాలదిన్నె యనుచుండిరి.